రిపోర్టు నార్మల్, నేను మాత్రం కాదు

ఈ వారం ఉత్తరం రాసినావిడకి 42 ఏళ్లు. స్కూల్లో లెక్కల టీచర్. పేరు వేయొద్దన్నారు, వేయడం లేదు. ఉత్తరం చాలా పెద్దది, ఐదు రిపోర్టుల ఫొటోలు కూడా పంపారు. ముఖ్యమైనవి వదలకుండా కుదించి చెబుతాను.

ఆరేళ్ల కిందట ఆవిడకి హషిమోటో థైరాయిడ్ (ఒంట్లోని రక్షణ వ్యవస్థే థైరాయిడ్ గ్రంథిని దెబ్బతీసే జబ్బు) ఉందని తేలింది. అప్పుడు టీఎస్‌హెచ్ (ఒంట్లో థైరాయిడ్ హార్మోన్ తక్కువైతే పెరిగే, ఎక్కువైతే పడిపోయే అంకె) 38. రోజుకి 75 మైక్రోగ్రాముల లెవోథైరాక్సిన్ మాత్ర రాశారు. నాలుగేళ్లు ఏ గొడవా లేదు, ఎప్పుడు చూసినా టీఎస్‌హెచ్ ఒకటిన్నర, రెండు మధ్య ఉండేది. రెండేళ్ల నుంచి కథ మారింది. పొద్దున లేచేసరికే నీరసం. దువ్వెన నిండా జుట్టు. తిండి పెరగకుండానే ఐదు కిలోల బరువు. నెలసరి ఏడెనిమిది రోజులు, అదీ ఎక్కువగా. ఒకరోజు క్లాసులో పదమూడో ఎక్కం మధ్యలో ఆగిపోయారట. "చేతిలో చాక్‌పీసు, ఎదురుగా ముప్ఫై మంది పిల్లలు. తొంభై ఒకటి అనే అంకె నాకు దొరకలేదు" అని రాశారు.

మొదటి డాక్టర్ టీఎస్‌హెచ్ 4.1 చూసి, పర్వాలేదు, నడవండి, తిండి తగ్గించండి అన్నారు. రెండో డాక్టర్ మాత్రని 100కి పెంచారు. ఈవిడ ఆగలేక ఇరవై రోజులకే సొంతంగా టెస్ట్ చేయించుకుంటే 3.0 వచ్చింది. "పెంచినా ఏమీ కాలేదు" అనుకున్నారు. ఆ రోజుల్లోనే గైనకాలజిస్టు హిమోగ్లోబిన్ 9.8 ఉందని ఐరన్ మాత్రలు ఇచ్చారు. మర్చిపోకుండా ఉంటుందని ఐరన్‌నీ థైరాయిడ్ మాత్రనీ పొద్దున్నే కాఫీతో కలిపి వేసుకోవడం మొదలుపెట్టారు. జుట్టు కోసం ఎవరో చెప్పిన జుట్టు మాత్రలు కూడా కొనుక్కున్నారు. రెండు నెలలకి గుండె దడ వస్తోందని మూడో డాక్టర్ దగ్గరికి వెళ్తే టీఎస్‌హెచ్ 0.08, ఫ్రీ టీ4 (రక్తంలోని థైరాయిడ్ హార్మోన్) ఎక్కువ. ఆయన డోసు ఒక్కసారిగా 50కి తగ్గించారు. జుట్టు మాత్రల సీసా అయిపోయాక ఈవిడ మళ్లీ కొనలేదు. మూడు నెలల తర్వాత టీఎస్‌హెచ్ 9.6. మళ్లీ 75కి వచ్చారు. ఈ మధ్యలో మెడికల్ షాపులో స్టాకు లేదని మాత్రల కంపెనీ రెండుసార్లు మారింది.

ఇప్పుడు టీఎస్‌హెచ్ 3.9. మూడో డాక్టర్ "నార్మల్, ఆరు నెలల తర్వాత రండి" అన్నారు. "రిపోర్టు బాగానే ఉందిగా, ఇంకేం కావాలి నీకు?" అంటున్నారట భర్త. విదేశంలో ఉండే వదిన పంది థైరాయిడ్ గ్రంథి నుంచి తీసిన మాత్రలు వాడుతున్నారు, "నాకు మళ్లీ ప్రాణం వచ్చింది, నీకూ పంపిస్తాను" అంటున్నారు. ఈవిడ ఎక్కడో టీ3 అనే ఇంకో థైరాయిడ్ హార్మోన్ గురించి కూడా చదివారు. డాక్టర్‌ని అడిగితే కసురుకుంటారని భయం. ఆవిడ ప్రశ్నలు మూడు: వదిన పంపే మాత్రలకి మారనా? లేకపోతే టీ3 రాయమని అడగనా? నా మాట వినే థైరాయిడ్ డాక్టర్‌ని ఎలా పట్టుకోవాలి?

టీచర్ గారూ, మీ ఉత్తరం రెండుసార్లు మామూలుగా చదివాను. మూడోసారి పక్కన కాగితం పెట్టుకుని తేదీలు, డోసులు, అంకెలు రాసుకుంటూ చదివాను. ముందే ఒక మాట, నేను డాక్టర్‌ని కాను. పద్నాలుగేళ్లుగా అదే మాత్ర వేసుకుంటూ, డాక్టర్లని అడిగీ, చదివీ తెలుసుకున్నదాన్ని. మీ డోసు ఎంతుండాలో నేను చెప్పకూడదు, చెప్పను. మీ కథలో చిక్కు ఎక్కడ పడిందో మాత్రం చెప్పగలను.

మీ అలసట నిజమైనదే. ముప్ఫై మంది పిల్లల ముందు ఎక్కం మర్చిపోవడం ఎవరూ సరదాకి చేసే పని కాదు. రిపోర్టు బాగుండీ మనిషి బాగోలేకపోవడం మీ ఒక్కరికే జరగలేదు. లెవోథైరాక్సిన్ వాడేవాళ్లలో ఎక్కువమంది హాయిగానే ఉంటారు కానీ, టీఎస్‌హెచ్ సరిగ్గా ఉన్నా ఒంట్లో బాగోలేదనే వాళ్లు కొందరు ఉన్నారని థైరాయిడ్ నిపుణుల సంఘాలే ఒప్పుకుంటాయి. అయితే మీరు ఆ కొందరిలో ఉన్నారో లేదో తేల్చడానికి మీ దగ్గరున్న ఐదు రిపోర్టులు పనికిరావు. వాటిలో ఏ రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చలేం. ఒకదానికి డోసు వేరు, ఇంకోదానికి కంపెనీ వేరు, ఒకటి తొందరపడి చేయించింది, ఒకటి జుట్టు మాత్రలు వాడుతుండగా చేయించింది.

ఆ జుట్టు మాత్రల దగ్గరే మొదలుపెడతాను, ఎందుకంటే నా కళ్లు అక్కడే ఆగిపోయాయి. మీరే చూడండి. ఐరన్, కాఫీ కలిపి వేసుకున్నప్పుడు థైరాయిడ్ మందు ఒంటికి తక్కువ ఎక్కుతుంది. అంటే టీఎస్‌హెచ్ పెరగాలి. మీకేమో 0.08కి పడిపోయింది. 75 నుంచి 100కి పెంచినందుకే అంత పడిందంటే, ఐరన్ అడ్డుపడుతుండగా అది ఎలా సాధ్యం? లెక్కల టీచర్ కాబట్టి మీకు ఈ తిరకాసు నాకంటే ముందే తెలియాలి!

జుట్టు మాత్రల్లో సాధారణంగా ఉండేది బయోటిన్ అనే విటమిన్. రోజుకి మనకి కావలసింది 30 మైక్రోగ్రాములు. ఆ మాత్రల్లో 5,000, ఒక్కోసారి 10,000 మైక్రోగ్రాములు ఉంటుంది. ఒంటికి పెద్దగా హాని చేయదు కానీ, ల్యాబులో గందరగోళం చేస్తుంది. చాలా ల్యాబు మెషీన్లలో హార్మోన్‌ని కొలిచే పద్ధతికి బయోటిన్ అతుక్కునే గుణమే ఆధారం. మన రక్తంలోనే బోలెడు బయోటిన్ ఉంటే మెషీన్ లెక్క తప్పుతుంది. తప్పడం కూడా ఎలా తప్పుతుందంటే, టీఎస్‌హెచ్ ఉన్నదానికంటే తక్కువగానూ, టీ4, టీ3 ఉన్నదానికంటే ఎక్కువగానూ చూపిస్తుంది. అచ్చం మందు ఎక్కువైపోయిన మనిషి రిపోర్టులా. దీని మీద అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లోనే డాక్టర్లకీ ల్యాబులకీ హెచ్చరిక ఇచ్చింది. అందుకే థైరాయిడ్ టెస్టుకి కనీసం రెండు రోజుల ముందు బయోటిన్ ఆపమంటారు. పెద్ద డోసు వాడేవాళ్లు ఇంకా ముందే ఆపాలి.

కాబట్టి ఆ 0.08 ఉత్తుత్తి అంకె అయ్యే అవకాశం చాలా ఉంది. దాన్ని నమ్మి డోసు సగానికి తగ్గించారు. ఆ పైన ఐరన్, కాఫీ మిగిలిన సగంలోనూ కొంత మింగేశాయి. 9.6 రాకుండా ఎలా ఉంటుంది? మరి దడ సంగతి? హిమోగ్లోబిన్ 9.8 ఉన్న మనిషికి మెట్లెక్కితేనే దడ వస్తుంది. అయితే మందు నిజంగా ఎక్కువైనా దడ వస్తుంది. ఆనాటి రక్తం ఇప్పుడు లేదు కాబట్టి ఈ రెండింటిలో ఏదో వెనక్కెళ్లి తేల్చలేం. ఇకమీదట ఈ గందరగోళం రాకుండా చూసుకోవచ్చు, అంతే.

ఇందులో మూడో డాక్టర్‌ని నేను తప్పుపట్టను, పూర్తిగా వెనకేసుకూ రాను. ఆయన ముందున్న కాగితం "మందు ఎక్కువైంది" అంటోంది, ఎదురుగా ఉన్న మనిషి "దడ" అంటోంది. తగ్గించారు. జుట్టు మాత్రలు మీరు చెప్పలేదు, ఆయన అడగలేదు. మంచి డాక్టర్ అడుగుతాడు, ఆ మాట నిజమే. మనం జుట్టు మాత్రల్ని మందుగా లెక్కేయం కాబట్టి చెప్పం, అదీ నిజమే.

ఇక ఇరవై రోజుల టెస్టు. లెవోథైరాక్సిన్ అంటే టీ4. అది రక్తంలో సగానికి తగ్గడానికే దాదాపు వారం పడుతుంది. డోసు మార్చాక కొత్త మట్టానికి చేరి నిలకడపడటానికి ఐదారు వారాలు. టీఎస్‌హెచ్ దాని వెనకాల నింపాదిగా నడుస్తుంది. అందుకే డోసు మార్చినా, కంపెనీ మారినా ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి చూడమంటారు. ఇరవై రోజులకి చేయించిన 3.0 సగం ఉడికిన మెతుకు లాంటిది. దాన్ని చూసి అన్నం బాగోలేదనకూడదు.

కంపెనీ మారడం గురించి డాక్టర్లలోనే రెండు మాటలు వినిపిస్తాయి. మందు ఒకటే, భయం అక్కర్లేదని కొందరు. ఈ మందులో కొంచెం అటూ ఇటూ అయినా తేడా తెలుస్తుంది కాబట్టి ఒకే కంపెనీకి కట్టుబడి ఉండమని మరికొందరు. మాత్రలో మందు మైక్రోగ్రాముల్లో ఉంటుంది, మిగతాదంతా దాన్ని మాత్రగా నిలబెట్టే పొడి. ఆ పొడి మారితే కొందరికి మందు ఎక్కే తీరు మారుతుంది. ఫ్రాన్స్‌లో 2017లో ఒక లెవోథైరాక్సిన్ మాత్రలో లాక్టోజ్ తీసేసి మానిటాల్, సిట్రిక్ యాసిడ్ చేర్చారు. మందు ఒక్క మైక్రోగ్రాము మారలేదు. అయినా వేలమంది మాకు ఒంట్లో బాగోలేదని ఫిర్యాదు చేశారు, చివరికి పాత మాత్రని కూడా మళ్లీ దొరికేలా చేయాల్సి వచ్చింది. అందులో మందు వల్ల ఎంత, భయం వల్ల ఎంత అన్న వాదన ఇంకా తెగలేదు. మీరైతే సీసా అడుగంటకముందే కొనుక్కోండి, షాపతను వేరేది ఇస్తే మార్చమని అడగండి, తప్పనిసరై మారితే తేదీ రాసుకుని ఆరు వారాలకి టెస్ట్ చేయించుకోండి. సీసాని ఎండ, వేడి, తడి తగలని చోట పెట్టండి. నేను చాలాకాలం స్టవ్ పక్క అరలో పెట్టేదాన్ని, చేతికి అందుతుందని. డాక్టర్ అడిగినప్పుడు గొప్పగా చెప్పాను కూడా. ఆవిడ తల పట్టుకున్నారు.

ఇప్పుడు అన్నిటికంటే నన్ను కలవరపెట్టింది చెబుతాను. ఉత్తరం మొత్తంలో టీఎస్‌హెచ్ అన్న మాట పదకొండుసార్లు వచ్చింది. హిమోగ్లోబిన్ ఒక్కసారి. ఆడవాళ్లకి 12 కంటే తక్కువుంటే రక్తహీనత అంటారు, మీది 9.8. నీరసం, జుట్టు రాలడం, దడ, ఆయాసం, బుర్ర మొద్దుబారడం, ఈ జాబితాని ఐరన్ లోపం ఒక్కటే పూర్తి చేయగలదు. ఆ ఐరన్ మాత్రల తర్వాత మళ్లీ హిమోగ్లోబిన్ చూపించుకున్నారా? మీరు రాయలేదు. ఫెర్రిటిన్ అని ఒక టెస్ట్ ఉంది, ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెబుతుంది. అది అడగండి. నెలసరి అంత ఎక్కువగా ఎందుకవుతోందో గైనకాలజిస్టు చేత తేల్చుకోండి. థైరాయిడ్ తక్కువైతే నెలసరి ఎక్కువవుతుంది, గర్భసంచిలో గడ్డలున్నా అవుతుంది. కన్నం పూడ్చకుండా కుండలో నీళ్లు పోస్తున్నట్టు అవుతుంది లేకపోతే. హషిమోటో ఉన్నవాళ్లకి బీ12 లోపం కూడా మామూలు వాళ్లకంటే ఎక్కువగా కనిపిస్తుంది, దానితోనూ మతిమరుపు వస్తుంది. గురక ఉండి, ఎంత పడుకున్నా నిద్ర చాలనట్టుంటే ఆ సంగతి కూడా చెప్పండి.

ఇవన్నీ చూసుకున్నాక మందు సంగతి. మీ ముందున్న దారులు ఒక్కొక్కటీ చెబుతాను, దేనితో ఏం వస్తుందో కూడా.

ఒకటి, ఉన్న మాత్రనే ఉన్న డోసులోనే సరిగ్గా వేసుకోవడం. పరగడుపున, మంచినీళ్లతో. కాఫీకీ తిండికీ కనీసం అరగంట, వీలైతే గంట ఎడం. ఐరన్‌కీ కాల్షియంకీ నాలుగు గంటల ఎడం. స్కూలు బస్సు హడావుడిలో ఇది కుదరదంటారా, రాత్రికి మార్చుకోవచ్చు. ఆఖరి తిండి తిన్న మూడు గంటల తర్వాత, పడుకోబోయే ముందు. అలా వేసుకున్నా బాగానే ఎక్కుతుందని పరీక్షల్లో తేలింది. ఐరన్ మధ్యాహ్నానికి పోతుంది. ఇందులో కొత్తదనం ఏమీ లేదని మీకు నిరుత్సాహంగా ఉండొచ్చు. కానీ మీరు ఈ రెండేళ్లలో 75 మాత్ర మింగారే గానీ 75 మాత్ర పూర్తిగా ఒంటికెక్కిన రోజులు తక్కువ. ఇప్పుడు సరిగ్గా వేసుకుంటే 3.9 తనంతట తానే దిగొచ్చు. ఒక జాగ్రత్త, అడ్డు తొలగితే అదే మాత్ర ఎక్కువ మందులా పనిచేస్తుంది. కాబట్టి ఈ మార్పు డాక్టర్‌కి చెప్పి చేయండి, ఆరు నుంచి ఎనిమిది వారాలకి టెస్ట్ చేయించుకోండి, దడ ఎక్కువైతే అంతవరకూ ఆగకండి.

రెండు, డోసు కాస్త పెంచమని అడగడం. చాలా ల్యాబుల్లో మామూలు హద్దు 0.4 నుంచి 4 దాకా ఉంటుంది. 3.9 హద్దులోనే ఉంది. అయితే నాలుగేళ్లు మీరు హాయిగా ఉన్నప్పుడు మీ అంకె ఒకటిన్నర, రెండు. "నేను బాగున్నప్పుడు ఉన్న చోటికి తీసుకెళ్లి చూద్దామా?" అని అడగడం గొంతెమ్మ కోరిక కాదు, చాలామంది డాక్టర్లు ఒప్పుకుంటారు. 75కీ 100కీ మధ్య 88 మాత్ర ఉంది. ఫలితం మాత్రం ఊరించినంత ఉండకపోవచ్చు. ఏ డోసో తెలియకుండా ఇచ్చి చూసిన పరీక్షల్లో, హద్దు లోపల టీఎస్‌హెచ్‌ని కిందికి జరిపితే మనుషులకి పెద్దగా తేడా తెలియలేదు. మరీ కిందికి, 0.1 లోపలికి నెట్టేస్తే గుండె లయ తప్పడం, ఎముకలు పలచబడటం అనే వేరే తలనొప్పులు మొదలవుతాయి.

మూడు, టీ3 కలపడం. మీరు చదివిన వాదన నాకూ తెలుసు: మన గ్రంథి టీ4తో పాటు కొంచెం టీ3 కూడా ఇస్తుంది, మాత్రలో టీ4 ఒక్కటే ఉంది, అదే లోటు అని. అందులో నిజం ఉంది, కానీ సగమే. ఒంట్లో ఉండే టీ3లో దాదాపు 80 శాతం గ్రంథి ఇచ్చేది కాదు, టీ4 నుంచి ఇతర అవయవాల్లో తయారయ్యేదే. 1999లో 33 మంది మీద చేసిన ఒక పరీక్షలో టీ3 కలిపితే మనసూ ఉత్సాహమూ మెరుగయ్యాయని వచ్చింది. ప్రపంచమంతా ఆశపడింది. తర్వాత చేసిన వాటిలో ఎక్కువ భాగం ఆ మేలు చూపించలేకపోయాయి. యూరప్ థైరాయిడ్ సంఘం 2012లో మధ్యేమార్గంగా ఒక మాట చెప్పింది: టీఎస్‌హెచ్ సరిగ్గా ఉండీ, మిగతా కారణాలన్నీ వెతికీ, ఇంకా బాగోలేనివాళ్లకి అనుభవమున్న డాక్టర్ చేతి మీదుగా ప్రయోగంగా ఇచ్చి చూడొచ్చు, మూడు నెలల్లో ఉపయోగం లేకపోతే ఆపేయాలి. నాకు ఈ మాట నచ్చుతుంది. తలుపు మూయలేదు, బార్లా తెరవనూ లేదు. మీరు మాత్రం ఇంకా ఆ "మిగతా కారణాలన్నీ వెతికీ" దగ్గరే ఉన్నారు.

నాలుగు, వదిన గారి మాత్రలు. వీటిని మూఢనమ్మకం అని తీసిపారేసేవాళ్లతో నేను ఏకీభవించను. థైరాయిడ్ వైద్యం మొదలైందే జంతువుల గ్రంథితో. 1891లో జార్జ్ ముర్రే అనే ఇంగ్లండ్ డాక్టర్ 46 ఏళ్ల ఒకావిడకి గొర్రె థైరాయిడ్ రసం ఎక్కించాడు. అంతకుముందు అలాంటివాళ్లు నెమ్మదిగా ఉబ్బి, మందగించి చనిపోయేవాళ్లు. ఆవిడ ఇంకో 28 ఏళ్లు బతికి 74వ ఏట పోయింది. అన్నేళ్లలో ఆవిడకి పట్టిన మందు 870కి పైగా గొర్రెల నుంచి తీశారని ముర్రేయే లెక్క రాసి పెట్టాడు. 2013లో 70 మందికి మార్చి మార్చి పంది మాత్రా, లెవోథైరాక్సినూ, ఏది ఏదో తెలియకుండా ఇచ్చి చూసిన పరీక్ష ఒకటుంది. కొలిచిన లక్షణాల్లో పెద్ద తేడా రాలేదు. కానీ మీకేది నచ్చిందంటే దాదాపు సగంమంది పంది మాత్ర అన్నారు, 19 శాతం లెవోథైరాక్సిన్ అన్నారు, మిగతావాళ్లు రెండూ ఒకటే అన్నారు. కాబట్టి మీ వదిన గారు అబద్ధం చెప్పడం లేదు.

ఇబ్బంది వేరే చోట ఉంది. మనిషి గ్రంథి సుమారు 14 పాళ్ల టీ4కి ఒక పాలు టీ3 ఇస్తుంది. పందిది నాలుగుకి ఒకటి. 60 మిల్లీగ్రాముల మాత్రలో 38 మైక్రోగ్రాముల టీ4, 9 మైక్రోగ్రాముల టీ3 ఉంటాయి. ఆ టీ3 వేసుకున్న రెండు నుంచి నాలుగు గంటల్లో రక్తంలో పైకి లేస్తుంది. ఇప్పటికే దడ ఉన్న, రక్తం తక్కువగా ఉన్న మీకు ఆ గంటలు ఎలా ఉంటాయో ఊహించండి. పైగా ఆ మాత్ర వాడేవాళ్లకి ఫ్రీ టీ4 తక్కువగా కనిపించడం మామూలు. అలవాటు లేని డాక్టర్ అది చూసి డోసు పెంచేసే ప్రమాదం ఉంది. గర్భం వచ్చే అవకాశం ఉన్నవాళ్లకి టీ3 కలిసిన మందులు వద్దంటారు, తొలి నెలల్లో బిడ్డ మెదడుకి తల్లి టీ4 కావాలి కనుక. అమెరికాలో ఏళ్ల తరబడి అమ్ముతున్నా వీటికి ఎఫ్‌డీఏ ఆమోదం లేదు. ఇవన్నీ తెలిసి, చూసుకునే డాక్టర్ ఉండి, నిలకడగా మందు దొరికే చోట ఉన్న మనిషి వాడితే అది ఆవిడ నిర్ణయం. మీ విషయంలో జరిగేది అది కాదు. ఎవరో వచ్చేటప్పుడు సూట్‌కేసులో రెండు సీసాలు వస్తాయి, అవి అయిపోయేలోగా ఇంకొకరు రారు, మీరు మళ్లీ పాత మాత్రకి దిగుతారు. మీ కాగితం మీద ఇంకో రెండు మార్పులు చేరతాయి. వదిన గారికి థాంక్స్ చెప్పి, ప్రస్తుతానికి పంపొద్దనండి. తర్వాత కావాలనిపిస్తే ఈ దారి ఎక్కడికీ పోదు.

ఇప్పుడు డాక్టర్ సంగతి. థైరాయిడ్ చూసే స్పెషలిస్టుని ఎండోక్రైనాలజిస్టు అంటారు. అందరూ థైరాయిడ్ మీదే ఎక్కువ పని చేయరు, చాలామంది రోజంతా షుగర్ పేషెంట్లనే చూస్తుంటారు. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే "డాక్టర్ గారు థైరాయిడ్ కేసులు ఎక్కువగా చూస్తారా?" అని అడిగితే తప్పేం లేదు. లోపలికి వెళ్లాక మెడ చేత్తో తడిమి చూశారా, నాడి పట్టుకున్నారా, మాత్ర ఎప్పుడు ఎలా వేసుకుంటున్నారని అడిగారా, ఇంకేం మందులు వాడుతున్నారని అడిగారా, ఇవి గమనించండి. నా దృష్టిలో "మాత్ర ఎలా వేసుకుంటారు?" అన్న ఒక్క ప్రశ్న గోడ మీది డిగ్రీలన్నిటికంటే ఎక్కువ చెబుతుంది. నాకు అది అడిగిన మొదటి డాక్టర్ నాలుగో డాక్టర్.

చిరాకుపడే డాక్టర్ కంటే తీయగా మాట్లాడే మోసగాడి దగ్గర ఎక్కువ జాగ్రత్త కావాలి. మూడు నెలల్లో మాత్ర మాన్పిస్తాననేవాళ్లు, మొదటి రోజే ఇరవై టెస్టులు రాసేవాళ్లు, తామే అమ్మే పొడులు కొనమనేవాళ్లు మీ మాట గంటసేపు వింటారు. విన్నందుకు మనం కరిగిపోతాం. హషిమోటోలో గ్రంథి చాలావరకు దెబ్బతిని టీఎస్‌హెచ్ 38 దాకా వెళ్లిన మనిషికి మాత్ర మాన్పిస్తాననడం వైద్యం కాదు.

మీరు ఇప్పుడున్న మూడో డాక్టర్ దగ్గరే ఒకసారి మళ్లీ ప్రయత్నించొచ్చు, మీ చరిత్ర కొంత ఆయనకి తెలుసు. ఆయన అన్నీ విని "ఇవన్నీ మీకెందుకు?" అంటే అప్పుడు మారండి. నేరుగా కొత్త ఎండోక్రైనాలజిస్టు దగ్గరికి వెళ్లొచ్చు, కానీ నాలుగో మనిషికి మొదటి నుంచి చెప్పుకోవాలి, ఆయన కూడా డోసు మారుద్దామనే సరదా పడొచ్చు. "ఎనిమిది వారాలు ఏదీ మార్చకుండా చూద్దామా?" అని మీరే అడగండి. ఏడాదికోసారి స్పెషలిస్టు, మధ్యలో దగ్గర్లోని ఫిజీషియన్ అనే పద్ధతి కూడా చాలామందికి సరిపోతుంది, ఇద్దరికీ ఒకే కాగితం చూపిస్తే.

ఆ కాగితం ఒక్క పేజీ దాటకూడదు. తేదీ, డోసు, కంపెనీ, టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4, హిమోగ్లోబిన్, పక్కన ఆ రోజుల్లో వాడిన మిగతా మాత్రలు. టెస్టులన్నీ ఒకే ల్యాబులో, పొద్దున పూటే, ఆ రోజు మాత్ర వేసుకోకముందే చేయించుకోండి. టీఎస్‌హెచ్ పొద్దునకీ మధ్యాహ్నానికీ తేడా వస్తుంది, మాత్ర వేసుకున్న వెంటనే టీ4 కాస్త పైకి చూపిస్తుంది. అడ్డుగీతలూ నిలువుగీతలూ కొట్టి పట్టిక వేయడం మీకు నేను నేర్పక్కర్లేదు. వదిన గారి మాత్రల గురించి, టీ3 గురించి కింద ఒక లైను రాసి, "వీటి మీద మీ అభిప్రాయం చెప్పండి" అనండి. "ఇది రాయండి" అంటే ఏ డాక్టర్‌కైనా కాస్త కోపం వస్తుంది, "ఏమంటారు?" అంటే సాధారణంగా రాదు. కసురుకుంటే కసురుకున్నారు, ఆ డాక్టర్ గురించి మీకు కావలసింది ఐదు నిమిషాల్లో తెలిసిపోతుంది.

భర్త గారికి ఆ కాగితంలో 9.8 దగ్గర వేలు పెట్టి చూపించండి. ఆయన రిపోర్టు బాగుందంటున్నది ఒక్క అంకె చూసి. వీలైతే వెంట తీసుకెళ్లండి, డాక్టర్ చెప్పిందాంట్లో సగం మనకి బయటికొచ్చాక గుర్తుండదు.

ఈ ఎనిమిది వారాల్లో ఛాతీలో నొప్పి, కూర్చున్నా తగ్గని దడ, నాడి లయ తప్పినట్టు అనిపించడం, కళ్లు తిరిగి పడిపోవడం, వీటిలో ఏది వచ్చినా పట్టికా గిట్టికా పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. నెలసరి తప్పితే కూడా ఆగొద్దు. గర్భమైతే థైరాయిడ్ డోసు వెంటనే పెంచాల్సి వస్తుంది.

ఎనిమిది వారాల తర్వాత నాకు మళ్లీ రాయండి, ఈసారి ఫెర్రిటిన్ ఎంతొచ్చిందో తప్పకుండా రాయండి. అన్నీ సరిచేసుకున్నాక కూడా పదమూడో ఎక్కం దగ్గర ఆగిపోతుంటే అప్పుడు టీ3 గురించి డాక్టర్‌ని గట్టిగా అడగొచ్చు, అప్పుడు మీ చేతిలో ఆధారం ఉంటుంది. ఈలోగా ఆ జుట్టు మాత్రల ఖాళీ సీసా ఇంట్లో ఎక్కడైనా ఉందేమో వెతకండి. లేబుల్ మీద బయోటిన్ ఎంత రాసి ఉందో చూసి, పట్టికలో 0.08 పక్కన ఆ అంకె వేయండి.